చిన్న కారుకి టియర్‌డ్రాప్ ట్రైలర్: బరువు లెక్కతో మొదలుపెట్టి డిజైన్ చేసుకోవడం ఎలా

అమెరికాలో ఉంటూ వేసవి రాగానే క్యాంపింగ్‌కి బయల్దేరే మన వాళ్లలో చాలామందిది ఒకే బాధ. టెంటులో నేల మీద పడుకుంటే తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది, రాత్రి వాన పడితే నిద్ర ఉండదు. పోనీ ఆర్‌వీ కొందామంటే దానికి తగ్గ ట్రక్కు కావాలి, నిలపడానికి చోటు కావాలి, ఏడాది పొడవునా ఇన్సూరెన్స్ కట్టాలి. ఈ రెండిటికీ మధ్యలో చక్కగా సరిపోయేది టియర్‌డ్రాప్ ట్రైలర్. ముందు గుండ్రంగా ఉండి వెనక్కి వాలిపోయే చిన్న పెట్టె, లోపల ఇద్దరికి పక్క, వెనక మూత ఎత్తితే వంటగట్టు, అంతే. 1930లలో అమెరికాలో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా వ్యాపించింది. అప్పట్లో చాలామంది ఇంటి గరాజ్‌లోనే చేసుకునేవారు, ఇప్పుడూ చేసుకోవచ్చు. రంపం, డ్రిల్, రౌటర్ (చెక్క అంచుల్ని చెక్కే యంత్రం), క్లాంపులు, కొన్ని నెలల శనాదివారాలు ఉంటే చాలు.

చాలామంది అందమైన ఆకారం గీయడంతో మొదలుపెడతారు, నా మాట విని మీరు అలా చేయకండి. చిన్న కారు వెనక లాగేదానికి ముందు బరువు తేలాలి, ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందో తేలాలి, ఆ తర్వాతే గీత. సౌకర్యం కూడా ఆ లెక్కలోంచే పుడుతుంది.

మొదటి పని: కారు మాన్యువల్ తెరవడం

ట్రైలర్ లాగడం గురించి ప్రతి కారు మాన్యువల్లో ఒక పేజీ ఉంటుంది, అక్కడ రాసిందే ఆఖరి మాట. హోండా ఫిట్‌కి అమెరికా మాన్యువల్లో ట్రైలర్ లాగొద్దనే ఉంటుంది. సుబారు క్రాస్‌ట్రెక్ పాత మామూలు మోడళ్లకు 1500 పౌండ్లు, అంటే 680 కిలోలు ఇచ్చారు. యూరప్‌లో ఇదే కారుకి ఎక్కువ ఇచ్చారు కదా అని వాదించేవాళ్లు కనిపిస్తారు. అక్కడ ట్రైలర్‌తో వెళ్లేటప్పుడు వేగ పరిమితి తక్కువ, హిచ్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక బిగించే ఇనుప అమరిక) మీద వేసే బరువూ తక్కువ, ఆ అంకెలు తెచ్చి ఇక్కడి హైవే మీద వాడకూడదు. మీ మాన్యువల్లో వద్దని ఉంటే ఆ కారుతో ఈ పని పెట్టుకోకండి.

హిచ్‌కి కూడా దాని పరిమితి దానికుంటుంది. చిన్న కార్లకు వచ్చే క్లాస్ 1 హిచ్ మామూలుగా 2000 పౌండ్లు లాగడానికి, నిలువుగా 200 పౌండ్లు మోయడానికి తయారవుతుంది. కారు చెప్పేది, హిచ్ చెప్పేది, హిచ్‌కి ఉండే బాల్ (ట్రైలర్ కూర్చునే ఇనుప గుండు) మీద రాసి ఉన్నది, ఈ మూడింటిలో ఏది తక్కువైతే మీ పరిమితి అదే.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని రాసి ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద మోపే బరువు కూడా ఇందులోకే వస్తుంది. చిన్న కార్లలో ఇది 850 పౌండ్ల దగ్గర ఉండటం మామూలే. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, ఆపైన హిచ్ మీద 60 కిలోలు వేస్తే దాటిపోవడానికి ఎంతో సేపు పట్టదు. కాబట్టి బరువైన సామాను డిక్కీలోంచి ట్రైలర్‌లోకి మారాలి, ట్రైలర్‌లో దానికి చోటు ఇప్పుడే చూపించాలి.

రెండో పని: బరువు చిట్టా

ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ప్రతి వస్తువుకీ రెండు గడులు పెట్టండి. ఒకటి బరువు, రెండోది ట్రైలర్ పెట్టె ముందు అంచు నుంచి ఆ వస్తువు ఎంత దూరంలో ఉంటుందో. ఈ రెండో గడి ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండే పెట్టెకి నా అంచనా ఇలా ఉంటుంది. ఇనుప ఫ్రేము, యాక్సిల్ (ఇరుసు), చక్రాలు కలిపి 110 కిలోలు. నేల 30, రెండు పక్క గోడలు 60, పైకప్పు 35, మధ్య అడ్డుగోడ, వంటగట్టు, అరలు కలిపి 35, వెనక మూత 18, రెండు తలుపులు 20, పరుపు 12, బ్యాటరీ, ఫ్యాన్, వైరింగ్ 25, జిగురు, మరలు, రంగు, అంచు పట్టీలకు ఇంకో 15. మొత్తం 360. ఈ చివరి 15 కిలోలు ఎవరూ రాయరు, కానీ డబ్బాడబ్బాగా కలిసేది అదే.

ఇక సామాను. ఐసుతో కూలర్ 25, నీళ్లు 20 లీటర్లు, అంటే 20 కిలోలు, స్టవ్వు, గ్యాసు 10, గిన్నెలు, కుక్కరు, బియ్యం, పప్పులు, పచ్చళ్లు 20, దుప్పట్లు 8, కుర్చీలు, బల్ల 12, బట్టలు 20. ఇవి 115. అంతా కలిపి 475 కిలోలు, దాదాపు 1050 పౌండ్లు.

1500 పౌండ్ల పరిమితికి ఇది చాలా తక్కువే అనిపిస్తుంది, ఉండాల్సింది కూడా అలాగే. పరిమితి అంచుదాకా నింపిన ట్రైలర్‌తో కొండ దారి ఎక్కితే ఇంజినూ, సీవీటీ గేర్‌బాక్సూ వేడెక్కుతాయి, దిగేటప్పుడు కారు బ్రేకులు అలసిపోతాయి. పైగా కొన్ని కార్ల మాన్యువళ్లలో 1000 పౌండ్లు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలని ఉంటుంది. రాష్ట్రాల చట్టాలు కూడా వేర్వేరు, చాలాచోట్ల 3000 పౌండ్ల దగ్గర బ్రేకులు తప్పనిసరి, కాలిఫోర్నియా లాంటి చోట 1500 దగ్గరే. మన 475 కిలోలు ఆ 1000 పౌండ్ల గీతని కొంచెం దాటింది కనుక, పాతిక కిలోలు కోసేయడమో, యాక్సిల్ కొనేటప్పుడే ఎలక్ట్రిక్ బ్రేకులు వేయించుకోవడమో తేల్చుకోండి. నేనైతే రెండోదే చేయమంటాను. ఖర్చు పెరుగుతుంది, నాలుగు వైర్ల కనెక్టర్ బదులు ఏడు పిన్నులది కావాలి, కారులో కంట్రోలర్ పెట్టాలి. అయినా వాన రోడ్డు మీద ముందు బండి హఠాత్తుగా ఆగినప్పుడు వెనక ఉన్నది తనంతట తాను ఆగగలగడం చాలా పెద్ద విషయం, పిల్లలు వెనక సీట్లో ఉన్నప్పుడు మరీను.

మూడో పని: యాక్సిల్ ఎక్కడ పడాలి

మొత్తం డిజైన్లో ప్రాణం పెట్టి చేయాల్సిన లెక్క ఇది. హిచ్ మీద పడే బరువు మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. అంతకన్నా తగ్గితే, అంటే వెనక బరువెక్కితే, హైవే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టి కారునే తిప్పేయగలదు. మరీ పెరిగితే కారు వెనక కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గి, స్టీరింగ్ తేలిపోతుంది.

లెక్క కష్టమేం కాదు. చిట్టాలో ప్రతి వస్తువు బరువునీ దాని దూరంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే బరువు కేంద్రం ఎక్కడుందో తెలుస్తుంది. ముందు అంచుకి ఇవతల, కారు వైపు ఉన్న వస్తువుల దూరాన్ని మైనస్‌గా రాయండి. ఆ కేంద్రం యాక్సిల్‌కి ఎంత ముందుందో ఆ దూరాన్ని, యాక్సిల్ నుంచి బాల్ దాకా ఉన్న దూరంతో భాగిస్తే హిచ్ మీద పడే వంతు వస్తుంది. ఉదాహరణకి యాక్సిల్ నుంచి బాల్‌కి 2.56 మీటర్లు ఉందనుకుందాం. 12 శాతం కావాలంటే బరువు కేంద్రం యాక్సిల్‌కి 31 సెంటీమీటర్లు ముందుండాలి. 475 కిలోలకు అప్పుడు హిచ్ మీద 57 కిలోలు పడతాయి.

టియర్‌డ్రాప్‌లో వంటగది వెనక ఉండటంతో బరువు సహజంగానే వెనక్కి పోతుంది. ఆ 20 లీటర్ల నీళ్ల క్యాను వంటగట్టు కింద, యాక్సిల్‌కి 80 సెంటీమీటర్లు వెనక పెడితే హిచ్ మీద నుంచి దాదాపు 6 కిలోలు లేచిపోతాయి. అదే క్యానుని ముందు కమ్మీ (పెట్టె నుంచి బాల్ దాకా వచ్చే ఇనుప కడ్డీ) మీద పెట్టెలో, యాక్సిల్‌కి 2 మీటర్లు ముందు పెడితే 15 కిలోలకు పైగా పడతాయి. ఒక్క క్యాను చోటు మారితే 20 కిలోలకు పైగా తేడా! అందుకే బ్యాటరీ, నీళ్లు ముందుకి, తేలికైన గిన్నెలు, పొడులు, ప్లేట్లు వెనక్కి. కూలర్ వెనక పెట్టక తప్పకపోతే ఐసు కరిగి నీళ్లు పారబోసినప్పుడు, సరుకులు అయిపోయినప్పుడు బ్యాలెన్స్ ఎటు మారుతుందో కూడా చిట్టాలో వేసి చూడండి. నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి, రెండుసార్లూ 10, 15 శాతాల మధ్యే నిలబడాలి.

ఎంత లెక్క వేసినా కట్టేటప్పుడు బరువు కొంచెం మారుతుంది కనుక యాక్సిల్‌ని వెల్డింగ్ చేయించకుండా, ముందుకీ వెనక్కీ జరుపుకోడానికి వీలుగా వరస రంధ్రాలున్న పట్టీలకు బోల్టులతో బిగించండి. ముందు కమ్మీని పొదుపు కోసం పొట్టిగా చేయకండి. పొట్టి ట్రైలర్ రివర్సులో చటుక్కున మడతపడిపోతుంది, పొడవు కొంచెం పెరిగితే రోడ్డు మీద నిలకడ, రివర్సులో నిదానం రెండూ వస్తాయి.

యాక్సిల్ రకం గురించి ఒక్క మాట. 2000 పౌండ్లకు చేసిన ఆకు స్ప్రింగుల మీద 1000 పౌండ్ల ట్రైలర్ పెడితే గుంత వచ్చినప్పుడల్లా ఎగిరెగిరి పడుతుంది, లోపలి అరల మరలు వదులవుతాయి. లోపల రబ్బరు ఉండే టార్షన్ యాక్సిల్ తీసుకుని, మీ చిట్టా బరువుకి దగ్గరగా, కాస్త పైన ఉండే అంకెకి ఆర్డర్ ఇవ్వండి.

నాలుగో పని: లోపలి కొలతలు మనిషిని బట్టి

ఇప్పుడు గీయొచ్చు. పరుపు నుంచి మొదలుపెట్టండి. 8 అడుగులంటే 96 అంగుళాలు, అందులో పడుకోడానికి 76 తీసేస్తే వంటగట్టుకి 18, 20 మిగులుతాయి, రెండు బర్నర్ల స్టవ్వుకి అది సరిపోతుంది. మీరు ఆరడుగుల మనిషైతే వంటగట్టు కింద కాళ్లు దూరేలా అడ్డుగోడని మెట్టులా కట్టండి, పెట్టె పొడవు పెంచకుండానే 8 అంగుళాలు కలిసొస్తాయి.

ఎత్తు దగ్గర చాలా డిజైన్లు దెబ్బతింటాయి. పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే తల తగలకూడదు, వానకి లోపల ఇరుక్కుపోయిన సాయంత్రం కూర్చోగలగడమే ముఖ్యం. సగటు మనిషి కూర్చున్నప్పుడు పరుపు నుంచి తల పైదాకా 35, 36 అంగుళాలు ఉంటుంది, పరుపు 4, పైన కాస్త ఖాళీ. నేల నుంచి కప్పు లోపలికి 42 కంటే తగ్గనివ్వకండి. కప్పు బాగా ఎత్తుగా ఉండే చోటు సరిగ్గా మీరు కూర్చునే చోటు మీదకే రావాలి, చూడ్డానికి ఆకారం బావుందని ఇంకెక్కడికో జరపొద్దు.

వెడల్పు 4 అడుగులు అన్నాను, అది ఇద్దరికి సరిపోయీ సరిపోనట్టే ఉంటుంది. గోడల్ని నేల పలక మీద కాకుండా దాని అంచుల బయట నిలబెడితే లోపల పూర్తి 48 అంగుళాలూ దక్కుతాయి. 5 అడుగులకు వెళ్తే పక్క హాయిగా ఉంటుంది కానీ బరువు బాగా పెరుగుతుంది, గాలి తాకే ముఖమూ పెరుగుతుంది, పైగా చక్రాలు బయటికి రావడంతో ట్రైలర్ మీ కారు కంటే వెడల్పవుతుంది, అద్దాలకి అదనపు అద్దాలు తగిలించుకోవాలి. హైవే మీద పెట్రోలు తినేది బరువు కన్నా గాలే, కారు నీడలో దాగే వెడల్పుకి అందుకే అంత విలువ. పిల్లలుంటే వాళ్లకి పక్కనే చిన్న టెంటు వేయడం మేలు, పిల్లల బెర్తు కోసం పెట్టెని పెంచడం మొదలుపెడితే చిన్న కారు సంగతి మర్చిపోవాలి.

తలుపులు రెండు పక్కలా ఉండాలి. ఒక్కటే పెడితే అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి లేచినవాళ్లు రెండోవాళ్ల మీదుగా పాకాలి. తలుపు కింది అంచు పరుపు ఎత్తులో, వెడల్పు 26 అంగుళాలకు తగ్గకుండా ఉంటే అంచున కూర్చుని కాళ్లు తిప్పి లోపలికి పెట్టుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఈ ఒక్క కొలత వాళ్లకి ఎంత తేడా చేస్తుందో చెప్పలేను.

ఐదో పని: గోడలు, కప్పు

ఆకారాన్ని పలచటి హార్డ్‌బోర్డ్ షీటు మీద పూర్తి సైజులో గీయండి. వంపు కోసం మేకులు కొట్టి, వాటి చుట్టూ సన్నటి చెక్క బద్దని వంచి, దాని వెంట పెన్సిల్ నడపండి, బద్ద తీసుకున్న వంపు కంటికి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అది కోసి నునుపు చేస్తే అదే మీ అచ్చు. రౌటర్‌కి బేరింగ్ ఉన్న బిట్ పెట్టి దాని వెంట తిప్పితే రెండు గోడలూ ఒకేలా వస్తాయి.

ముప్పావు అంగుళం ప్లైవుడ్ షీటు 30 కిలోల పైమాటే, గోడంతా దానితో కడితే చిట్టా అక్కడే పేలిపోతుంది. కాబట్టి ఆ ప్లైవుడ్‌లో పెద్ద పెద్ద గళ్లు కోసేసి, అంచులు, తలుపు చుట్టూ, అరలు బిగించే చోట్లు మాత్రం ఉంచి, గళ్లలో ఎక్స్‌పీఎస్ నురుగు పలకలు నింపి, లోపల సన్నటి ప్లైవుడ్, బయట పావు అంగుళంది అతికించండి. తేలికగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, వేడీ చలీ ఆపుతుంది. వైర్లు ఎటు వెళ్లాలో నురుగు నింపేముందే గాడులు తీసి పెట్టుకోవాలి, మూసేశాక ఇక దారి ఉండదు.

కప్పుకి అడ్డంగా సన్నటి చెక్కలు, లోపల 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, మధ్యలో నురుగు, పైన మళ్లీ ప్లైవుడ్, ఆపైన అల్యూమినియం రేకు. ప్లైవుడ్ ఒక దిక్కుకి తేలిగ్గా వంగుతుంది, కొనేముందు షాపులో వంచి చూసుకోండి. బాగా బిగువైన వంపు దగ్గర తడిగుడ్డలు కప్పి ఓ రాత్రి వదిలేస్తే దారికొస్తుంది. 0.040 అంగుళాల రేకు 4 అడుగులకి 10 అడుగుల ముక్క 10 కిలోలే ఉంటుంది. నేల చట్రానికి మందు పట్టించిన చెక్క వాడితే అందులోని రాగి అల్యూమినియాన్ని తినేస్తుంది, రెండూ తగలనివ్వకండి.

అంచు పట్టీల కింద సిలికాన్ రాయకండి, బ్యుటైల్ టేపు వేయండి. సిలికాన్ ఒకసారి పడిన చోట రంగు అంటుకోదు, మళ్లీ ఇంకేదీ అంటుకోదు. చెక్క కనిపించేలా ఉంచుకోవాలనుంటే ఎపాక్సీ పట్టించి, దాని మీద ఎండని తట్టుకునే స్పార్ వార్నిష్ వేయాలి, ఒట్టి ఎపాక్సీ ఎండకి పాడైపోతుంది.

వెనక మూత వేరే చోట చేసి తెచ్చి బిగిద్దామంటే కుదరదు, పెట్టె మీదే చేయాలి. పక్కటెముకల్ని అచ్చు మీద సన్నటి బద్దలు జిగురుతో వరసగా అతికించి చేయండి, విప్పాక కొంచెం వెనక్కి లాక్కుంటాయి కనుక అచ్చు వంపు కాస్త ఎక్కువగా పెట్టుకోండి. వర్షం నీరు వచ్చేది ఈ మూత పై కీలు దగ్గరా, రెండు పక్కలా. పైన మొత్తం వెడల్పునా ఒకే ముక్కగా వచ్చే అల్యూమినియం హరికేన్ కీలు, పక్కల్లో బోలు రబ్బరు సీలు, దాని బయట నీళ్లు జారిపోయే చిన్న కాలువ, ఈ మూడూ పెట్టాలి. మూత తెరిచినప్పుడు కింద నిలబడే ఎత్తూ చూడండి, తల కొట్టుకుంటే రోజూ కోపమే.

ఆరో పని: గాలి, కరెంటు, గ్యాసు

ఇద్దరు మూసిన పెట్టెలో రాత్రంతా ఊపిరి పీలిస్తే అర లీటరు దాకా నీరు ఆవిరై గోడల మీద చెమరుస్తుంది. చలి రాత్రుల్లో పొద్దున్నే కప్పు నుంచి చుక్కలు పడితే కప్పు కారిందని కంగారు పడతారు, అది ఊపిరే. కప్పు మీద 14 అంగుళాల చదరపు ఫ్యాన్ పెట్టి, నెమ్మదిగా బయటికి తోసేలా తిప్పి, తలుపు కిటికీ ఒకటి వేలెడు తెరిచి ఉంచండి. డబ్బులు తక్కువైతే మిగతా దేన్నైనా వదులుకోండి, ఈ ఫ్యాన్‌ని మాత్రం వదలొద్దు.

100 ఆంపియర్ గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి 11, 12 కిలోల్లో వస్తుంది. అదే సైజు పాత లెడ్ బ్యాటరీ 28 కిలోలు, పైగా అందులో సగమే వాడుకోవాలి. ఎల్‌ఈడీ దీపాలు, ఫ్యాన్, ఫోన్లకి రెండు మూడు రాత్రులు నిశ్చింతగా సరిపోతుంది. ఏసీ జోలికి పోకండి, ఈ బ్యాటరీతో అయ్యే పని కాదు.

వంట ఎప్పుడూ మూత ఎత్తి బయటే. పోపు ఘాటు, ఇంగువ వాసన పరుపుకి పట్టకుండా మధ్య అడ్డుగోడని పూర్తిగా మూసేయండి. చలేసిందని స్టవ్వుని లోపల వెలిగించడం ప్రాణాంతకం, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, దాని అలారం ఒకటి గోడకి తప్పక పెట్టండి. ప్రొపేన్ గాలి కన్నా బరువు, కిందికి చేరుతుంది, కాబట్టి సిలిండర్ పెట్టే పెట్టెకి రంధ్రాలు అడుగున ఉండాలి.

ఆఖరి పని: రోడ్డెక్కే ముందు

దీపాల వైర్లలో తెల్లది ఎర్తు, గోధుమ రంగుది వెనక దీపాలకి, పసుపుది ఎడమకి, ఆకుపచ్చది కుడికి. కొత్త కార్లకి నేరుగా కలపకుండా కన్వర్టర్ పెట్టాలి. ట్రైలర్‌ని కారుకి కట్టే రెండు గొలుసుల్ని కమ్మీ కింద కత్తెరలా ఒకదాని మీదుగా ఒకటి వేసి తగిలించండి, బాల్ ఊడినా కమ్మీ రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. సొంతంగా కట్టిన ట్రైలర్ని రిజిస్టర్ చేయడానికి రాష్ట్రాన్ని బట్టి రసీదులు, తూకం చీటీ అడుగుతారు, కొన్న ప్రతి రసీదూ మొదటి రోజు నుంచే దాచండి.

అంతా నింపి, నీళ్లతో సహా, ట్రక్కులు తూచే కాటా మీద తూపించండి. హిచ్ బరువుని ఇంట్లో మనుషులు తూగే యంత్రంతోనే చూడొచ్చు, ట్రైలర్ సమంగా ఉండేలా కింద దిమ్మ పెట్టి దాని మీద కమ్మీని ఆనిస్తే సరి. అంకె 10 శాతం లోపుంటే యాక్సిల్‌ని ఒక రంధ్రం వెనక్కి జరపండి, 15 దాటితే ముందుకి. మొదటి ప్రయాణం దగ్గర్లోని స్టేట్ పార్కుకి పెట్టుకుని, వేగం గంటకి 55 మైళ్లు దాటకుండా నడిపి, 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి. ఆగిన ప్రతిసారీ రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూడండి, ఒకటి రెండోదాని కన్నా బాగా వేడిగా ఉంటే బేరింగ్ సరిచేసేదాకా ముందుకి వెళ్లకండి.